కంట్లో పువ్వు పడకముందే

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో పశుపోషణ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయినేడు ఇదే సభలో మేము పాల లెక్కలు, అప్పు వాయిదాల లెక్కలు చదివినం. ఈసారి పశువుల కళ్ల గురించి చెప్తామంటే కొందరు నవ్వినరు. "మనకు కంటి వెలుగు అయిపోయింది, ఇగ బర్రెలకు కూడా అద్దాలు పెడతరా ఏంది" అని ఒక అక్క అన్నది. నిజమే, 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైనాక, మన ఊళ్లలో కూడా ముసలోళ్లు వరుసలో నిలబడి కళ్లు చూపించుకున్నరు, అద్దాలు తెచ్చుకున్నరు. బర్రెకు అద్దాలు అక్కర లేదు. అది సూదిలో దారం ఎక్కియ్యదు. కానీ ఒక కన్ను పోయిన బర్రెను అంగడికి తోలుకపోయి చూడండి. కొనేటోడు ముందు పండ్లు చూస్తడు, పొదుగు చూస్తడు, తర్వాత మొఖం తిప్పి కన్ను చూస్తడు. అక్కడితో బేరం సగం అయిపోతది. పాలు అంతే ఇస్తదని మనం ఎంత చెప్పినా వినడు.

ఈ సంగతి ఎందుకు ఎత్తినమంటే, ఈ ఏడాది మన సభ్యురాలి ఇంట్లోనే ఒక బర్రె కన్ను పోయింది. ఆమె పేరు చెప్పం, కానీ చెప్పమని ఆమెనే అన్నది. స్త్రీనిధి అప్పుతో తెచ్చుకున్న బర్రె. ఎండకాలం మొదట్ల ఒకనాడు పొద్దున పాలు పిండబోతే ఎడమ కన్ను మూసుకొని ఉన్నది, చెంప మీద నీళ్ల చార. రెండో నాడు పక్కింటి పెద్దమనిషి వచ్చి ఉప్పు నమిలి కంట్లో ఊదిండు. మూడో నాడు జిల్లేడు పాలు పెట్టినరు. ఐదో నాటికి నల్లగుడ్డు నడుమ తెల్లగ పువ్వు పడ్డది. అప్పుడు ఇంట్ల మామకు శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చిన చుక్కల మందు మిగిలి ఉంటే, "మనిషి కంటికి పనిచేసింది, దీనికి పనిచెయ్యదా" అని అది కూడా వేసినరు. తొమ్మిదో నాడు మాకు కబురు వచ్చింది. మేము పోయేసరికి గుడ్డు పగిలి ఉన్నది. డాక్టరు గారు వచ్చి కన్ను తీసేసి కుట్లు వేసినరు. బర్రె బతికింది.

ఇందులో మా తప్పు కూడా ఉన్నది. మూడో నాడు మాలో ఒకరు ఆ ఇంటి ముందటి నుంచే పోతూ చూసినరు. "ఈగలు ముసిరి ఉంటయి, తగ్గుతది" అని నడిచిపోయినరు. పశుమిత్ర శిక్షణ తీసుకున్న మనిషే ఆ మాట అన్నది. ఆనాడు ఆగి ఒక్క ఫోన్ చేసి ఉంటే కన్ను నిలిచేదేమో అని మేము ఇప్పటికీ అనుకుంటం. అందుకే ఈ ప్రసంగం.

ఆ బర్రె ఇప్పుడు పాలు ఇస్తున్నది. కానీ పోయిన కన్ను దిక్కు నుంచి మనిషి పోతే ఉలిక్కిపడి తంతది. గుంజకు, గోడకు రాసుకుంటది. మందలో మిగతా బర్రెలు ఆ పక్క నుంచి కుమ్మితే దానికి తెలియదు. బర్రెకు కళ్లు మనలాగ ముందుకు లేవు, రెండు పక్కలకు ఉన్నాయి. ఒక కన్ను పోతే ఆ దిక్కు మొత్తం చీకటే. అప్పు వాయిదా మాత్రం రెండు కళ్ల బర్రెకు ఎంతో దీనికీ అంతే.

అసలు ఆ కంటికి వచ్చింది ఏమిటో చెప్తం. డాక్టర్లు దీన్ని పింక్ ఐ అంటరు. మొరాక్సెల్లా బోవిస్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ఒక పశువు కంటి నీళ్లు తాగిన ఈగ ఇంకో పశువు కంటి మీద వాలితే రోగం దానికి పోతుంది. ఎండ తీవ్రత, దుమ్ము, గడ్డి గుచ్చుకోవడం, ఇవన్నీ కంటి మీది పొరను గీకి దానికి దారి చేస్తాయి. అందుకే ఎండకాలంలో, ఈగలు ముసిరే రోజుల్లో ఎక్కువ. దూడలకు ఇంకా ఎక్కువ. ముందు నీళ్లు కారుతాయి, వెలుతురు చూడలేక కన్ను మూసుకుంటది. తర్వాత నల్లగుడ్డు నడుమ చిన్న తెల్ల చుక్క లేస్తది. ఆ చుక్కే పుండు. చూడకుండ విడిచిపెడితే లోతుకు దిగి గుడ్డు పగలవచ్చు.

నల్లగుడ్డు మీద అద్దం లాంటి పొర ఉంటుంది కదా, అందులో రక్తనాళాలు ఉండవు. ఉంటే ఆ పొర అద్దంలాగ ఉండదు, చూపు అందదు. రక్తం లేని చోట గాయం మెల్లగ మానుతుంది. మానేటప్పుడు అంచుల నుంచి ఎర్రటి సన్న నాళాలు లోపలికి పాకుతాయి. అది చూసి చాలామంది "రక్తం దిగింది, కన్ను పోయింది" అని భయపడి ఇంకేదో పోస్తరు. అది మానే గుర్తు. మందు పడిన కన్ను పూర్తిగా తేటపడడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. ఆ నాలుగు వారాలు ఓపిక పట్టాలె.

ఇగ ఆపరేషన్ చుక్కల సంగతి. శుక్లాల ఆపరేషన్ తర్వాత ఇచ్చే చుక్కల్లో సాధారణంగా స్టెరాయిడ్ ఉంటుంది. మనిషికి అక్కడ వాపు తగ్గడానికి అది కావాలె. కానీ కంట్లో పుండు ఉన్నప్పుడు స్టెరాయిడ్ పడితే పుండు మానదు, ఇంకా లోతుకు పోతది. పుండు ఉన్నదా లేదా అని మనకు పై నుంచి తెలియదు. డాక్టరు గారు ఫ్లోరోసీన్ అనే రంగు కాగితపు ముక్కను కంటికి తాకిస్తరు. పుండు ఉన్న చోట పచ్చగ మెరుస్తది. ఆ పరీక్ష చేసినాకనే ఏ చుక్కలు వెయ్యాలె, ఏ సూది వెయ్యాలె అనేది. కాబట్టి ఇంట్లో మిగిలిన సీసా ఏదైనా సరే, బర్రెకు, మేకకు, ఇంటి కుక్కకు కూడా వెయ్యొద్దు. కుక్క కన్ను కూడా కన్నే.

ఉప్పు ఊదడం గురించి ఒక పెద్దమ్మ మాతో గట్టిగా వాదించింది. "మా అవ్వ కాలం నుంచి ఊదుతున్నం, ఎన్ని బాగుకాలేదు?" అన్నది. ఆమె అబద్ధం చెప్పలేదు. కంటికి వచ్చిన చిన్న చిన్న బాధలు చాలావరకు వాటికవే తగ్గుతాయి. ఏమీ చెయ్యకున్నా తగ్గేవి. ఊదినాక తగ్గితే ఉప్పుకు పేరు వచ్చింది. తగ్గక పోయిన కళ్లను ఎవరూ లెక్క పెట్టలేదు, వాటిని కటికోడికి అమ్మేసినరు. నమిలిన ఉప్పుతో నోట్లో ఉన్న మురికి కూడా పుండు మీదికి పోతది. జిల్లేడు పాలు అయితే ఇంకా చెడ్డది. మన చేతి మీద పడితేనే మండుతది, మన కంట్లో పడితే దవాఖానాకు ఉరుకుతం. పొగాకు రసం, సున్నం, కంటి పక్కన వాత, ఇవి కూడా అంతే. మా అవ్వల మీద మాకు గౌరవం ఉన్నది. వాళ్లకు ఫోన్ చేస్తే బండి వచ్చే కాలం లేదు. మనకు ఉన్నది.

మరి మనం చెయ్యగలిగింది ఏమిటి? కడగడం. ఒక లీటరు నీళ్లను బాగా కాచి చల్లార్చి, 9 గ్రాముల ఉప్పు, అంటే చదునుగా ఒకటిన్నర చిన్న చెంచాలు కలపాలె. లేదంటే మెడికల్ షాపులో దొరికే సెలైన్ సీసా. చక్కెర ఉన్న గ్లూకోజ్ సీసా కాదు, ఉత్త సెలైన్ అని అడగాలె. సూది తీసేసిన పెద్ద సిరంజితో కంటి లోపలి మూల నుంచి బయటికి మెల్లగ పోయాలె. గట్టిగా కొట్టొద్దు. గుడ్డతో గుడ్డును రుద్దొద్దు, కారిన పుసులు మాత్రం తడి దూదితో బయట తుడవాలె. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడొద్దు, ఇంకో పశువుకు అసలే వాడొద్దు. చేతులు సబ్బుతో కడగాలె. పశువును నీడలో, మిగతావాటికి దూరంగా కట్టాలె. అదే రోజు ఫోన్ చెయ్యాలె. ఇంతే. కంట్లో ముల్లు గానీ పుల్ల గానీ గుచ్చుకొని నిలబడి ఉంటే కడగడం కూడా వద్దు, పీకడం అసలే వద్దు. తల కదలకుండ పట్టుకొని డాక్టరు కోసం చూడాలె. సున్నమో, చేనుకు కొట్టే మందో పడితే మాత్రం ఫోన్ కన్నా ముందు నీళ్లు. దగ్గర ఉన్న మంచినీళ్లతోనే పావుగంటకు తక్కువ కాకుండ పోస్తూనే ఉండాలె.

ఫోన్ అంటే 1962. 2017 సెప్టెంబరులో మన రాష్ట్రంలో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 100 సంచార పశువైద్య వాహనాలు మొదలుపెట్టినరు. అంబులెన్సుకు 108 ఎట్లనో గొడ్లకు ఇది అట్ల. ఒక్క బండికి ఎన్ని ఊళ్లో ఆలోచించండి, మనం చెయ్యగానే రాకపోవచ్చు. అందుకే పొద్దున చూసి పొద్దున్నే చెయ్యాలె. రాత్రి పాలు పిండేటప్పుడు గుర్తు పట్టి, తెల్లారినాక చూద్దాం అనుకొని, మళ్ల రాత్రి అయినాక చేసినోళ్లు ఉన్నరు. మందు వేసినాక ఎన్ని రోజులు పాలు కేంద్రంలో పొయ్యొద్దో డాక్టరు గారిని అడిగి పుస్తకంలో రాసుకోవాలె. ఈ మాట చేదుగ ఉంటది. నాలుగు రోజుల పాలు పోతయి. కానీ మందు కలిసిన పాలు తాగేది ఎవరి పిల్లలో మనకు తెలియదు.

గాయాల గురించి రెండు మాటలు. మన సమాఖ్యలో బోధన్ దిక్కు పుట్టిండ్లు ఉన్న అక్కలు చాలామంది ఉన్నరు. అక్కడ చెరుకు నరికే రోజుల్లో కొసలు, ఆకు గొడ్లకు వేసుడు వాళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. చెరుకు ఆకు అంచు రంపంలాగ ఉంటది, కుప్పలో తల పెట్టి తినే గొడ్డు కంటిని గీకుతది. 1937లో పెట్టిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక చెరుకే తగ్గింది, ఆ గాయాలూ తగ్గి ఉంటయి. ఇట్లాంటి సంగతికి సంతోషపడాల్నో ఏడ్వాల్నో తెలియదు. ఇప్పుడు మన దగ్గర ఉన్నది వరిగడ్డి, మక్క చొప్ప. తలకన్నా ఎత్తున గడ్డి కట్ట వేలాడదీస్తే పీకేటప్పుడు పొట్టు అంతా కంట్లో రాలుతది. గాడి కింద ఉండాలె, చొప్ప నరికి వెయ్యాలె.

వరిగడ్డి అంటే ఇంకో పెద్ద సంగతి ఉన్నది. 1963లో మన పోచంపాడ్ దగ్గర నెహ్రూ గారు ప్రాజెక్టుకు పునాదిరాయి వేసినరు. కాలువలు వచ్చినయి, బీళ్లు పొలాలు అయినయి. మంచిదే. కానీ పచ్చిక బీడు తగ్గి, గొడ్డు కడుపుకు వరిగడ్డే ముఖ్యమైంది. ఎండిన వరిగడ్డిలో విటమిన్ ఏ తయారయ్యే కెరోటిన్ దాదాపు ఉండదు. కాలువ బంద్ అయి పచ్చగడ్డి లేని ఎండకాలం నెలల తరబడి ఉత్త గడ్డి మీదనే బతికిన గొడ్డుకు, ముఖ్యంగా దూడకు, రేచీకటి వస్తది. మాపటి పూట మంద ఇంటికి వచ్చేటప్పుడు ఒక దుడ్డె గుంజకు తగిలిందా, మోరీలో కాలు పెట్టిందా, గడప దగ్గర ఆగిందా చూడండి. మనం "మొండిది" అని కొడతం. దానికి కనిపిస్తలేదు. ఈ దశలో డాక్టరు గారు విటమిన్ ఏ ఇస్తే, పచ్చగడ్డి దొరికితే చూపు తిరిగి వస్తది. మరీ ముదిరి లోపల చూపు నరం నొక్కుకుపోయిన దూడకు మాత్రం ఏం ఇచ్చినా రాదు. సూడి పశువుకే కరువు ఉంటే గుడ్డి దూడ పుట్టే ప్రమాదం కూడా ఉన్నది. దాన్ని ఇంటికి అరిష్టమని అనుకోవద్దు, అది మేత లోపం.

ఆర్మూర్ దగ్గరి ఒక చెల్లె అడిగింది, "మన దగ్గర పసుపు పుట్లకొద్ది పండుతది, అది పచ్చగానే ఉంటది కదా, పెడితే చాలదా?" అని. మంచి ప్రశ్న. పసుపులో ఉన్న రంగు వేరు, దాని నుంచి విటమిన్ ఏ తయారు కాదు. పచ్చగడ్డి, పచ్చి మక్క చొప్ప, అవిశ ఆకు, సుబాబుల్ కొంత, అజొల్లా, వీటిలో ఉన్నది. బోరు నీళ్ల మూల మీద నాలుగు మడులు గడ్డి పెంచుకున్నా, ఆ గడ్డిని ముందు దూడకూ సూడి బర్రెకూ వెయ్యాలె. ఆవు పాలు కొంచెం పచ్చగ ఉండేది ఈ కెరోటిన్ వల్లనే. బర్రె దాన్ని విటమిన్ ఏ గా మార్చేసుకుంటది కాబట్టి దాని పాలు తెల్లగ ఉంటయి. తెల్లగ ఉన్నయని బలం లేదనుకోవద్దు.

ఇంకో మాట చెప్తే మీకు కోపం వస్తది, అయినా చెప్తం. అప్పుడే పుట్టిన దూడ ఒంట్లో విటమిన్ ఏ నిల్వ చాలా తక్కువ. అది దానికి దొరికేది ముర్రుపాల నుంచి. మనం ఏం చేస్తం? మొదటి పూట పాలు పిండి జున్ను వండి ఇల్లిల్లు పంచుతం. దున్నదూడ అయితే ఇంకా అన్యాయం, ఎట్లయినా పనికి రాదని పొదుగు దగ్గరికే రానియ్యం. మా ఉపసంఘంలో ఉన్నోళ్లందరం కూడా ఇది చేసినోళ్లమే. పుట్టిన గంట రెండు గంటల లోపల దూడ ముర్రుపాలు తాగాలె, మొదటి రోజులో దాని బరువులో పదో వంతు దాకా తాగాలె. అది తాగినాక మిగిలింది జున్ను. రెండో నాటి, మూడో నాటి పాలకు కూడా జున్ను అయితది, అత్తలు ఊరికే అంటరు.

కంట్లో పురుగుల సంగతి చిన్నది. తెల్లటి దారం ముక్క లాంటి పురుగు నల్లగుడ్డు మీద కదులుతూ కనబడుతది. ఇది కూడా ఈగల వల్లనే వస్తది. వేలితో, పుల్లతో తీయబోయి గుడ్డును గీకినోళ్లు ఉన్నరు. డాక్టరు గారు తిమ్మిరి చుక్కలు వేసి తీస్తరు, పురుగుల మందు ఇస్తరు. ఈగలు తగ్గాల్నంటే పెంట కొట్టం పక్కన ఉండొద్దు, అంతకన్నా పెద్ద ఉపాయం లేదు. మాపటి వేప పొగ కొంత పనిచేస్తది గానీ పొగ దట్టంగ పెడితే అదే కంటికి బాధ.

గొర్లు, మేకలు ఉన్న అక్కలకు ఇప్పుడు. 2017లో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు 20 గొర్రెలు, ఒక పొట్టేలు లెక్కన మన ఊళ్లకు కూడా వచ్చినయి. ప్రాజెక్టు వెనుక నీళ్లు దిగినాక తేలిన నేలలో మేపుతం. అక్కడ పచ్చిక మెత్తగ ఉంటది, తడి ఉంటది, పురుగుల పిల్లలూ అక్కడే ఉంటయి. హీమాంకస్ అనే పురుగు గొర్రె కడుపులో కూర్చొని రక్తం తాగుతది. బయటికి ఏం కనబడదు, ఒకనాడు దవడ కింద నీరు దిగుతది, మూడో నాటికి చచ్చిపోతది. దీన్ని ముందే కంట్లో చూడవచ్చు. దక్షిణాఫ్రికాలో ఫాఫా మలాన్ అనే పశువైద్యుడి పేరు మీద ఫమాచా అనే రంగుల అట్ట ఒకటి ఉన్నది. కింది రెప్ప లోపలి రంగును దానితో పోల్చి ఐదు మెట్లుగా చూస్తరు. ఒకటో మెట్టు నిండు ఎరుపు, ఐదోది కాగితంలాగ తెలుపు. నాలుగు, ఐదు మెట్లలో ఉన్నవాటికి మందు తప్పదు, మూడో మెట్టులో ఉన్నది కనిపెట్టి చూడాలె. ఎర్రగ ఉన్నవాటికి ఊరికే తాగించొద్దు. మందకు మంద అన్నిటికీ మాటిమాటికీ అదే మందు పోస్తే పురుగులు దానికి అలవాటుపడి, అవసరమైన నాడు మందు పనిచెయ్యదు. పైసలు కూడా మిగులుతయి. తెల్లబడడానికి వేరే కారణాలూ ఉంటయి, కాబట్టి తెల్లగ ఉన్నదాన్ని డాక్టరు గారికి చూపించాలె.

కళ్ల పుసులతో పాటు జ్వరం, ముక్కు చీమిడి, నోట్లో పుండ్లు, పారుడు ఉంటే అది కంటి రోగం కాదు, పీపీఆర్ అయి ఉండవచ్చు. ఆ గొర్రెను మందలో ఉంచొద్దు, కంటికి మందు వెతకొద్దు, వెంటనే పశువుల దవాఖానాకు చెప్పాలె. టీకా వేసే రోజు "మావి బాగనే ఉన్నయి" అని దాచిపెట్టినోళ్ల పేర్లు ఇక్కడ చదవం.

చివరగా సభ ముందు మా కోరిక ఒకటే. ప్రతి గ్రామ సంఘం దగ్గర ఒక డబ్బా ఉంచాలని. అందులో ఒక టార్చి, రెండు సెలైన్ సీసాలు, సూది లేని పెద్ద సిరంజి, దూది, సబ్బు, ఒక నోటు పుస్తకం. చుక్కల మందు మాత్రం పెట్టొద్దు, ఉంటే వెయ్యబుద్ధి అయితది. పుస్తకంలో ఏ ఇంట్లో ఏ పశువు కన్ను ఎప్పుడు చూసినం, ఎన్ని గంటలకు ఫోన్ చేసినం, బండి ఎప్పుడు వచ్చింది రాయాలె. వచ్చే ఏడాది ఇదే సభలో ఆ పుస్తకాలు తెరిచి చదువుతం. బండి ఆలస్యం ఎక్కువగ ఉంటే ఆ పుస్తకాలు పట్టుకొనే జిల్లా అధికారులను అడుగుదాం, నోటిమాటతో కాదు. కన్ను పోయిన ఆ బర్రె ఇంటి అక్క డబ్బా బాధ్యత తన ఊళ్లో తానే తీసుకుంటానన్నది. ఆమె అప్పు వాయిదా గడువు పెంచే సంగతి కోశాధికారి గారు తర్వాత మాట్లాడతరు, దయచేసి దాన్ని ఆమోదించాలని కోరుతున్నం.

భోజనాలకు ముందు ఒక పావుగంట. బయట వేపచెట్టు కింద రెండు మేకలను, ఒక గొర్రెను కట్టేసినం. ఎండ వెలుతురులోనే రంగు సరిగ్గ తెలుస్తది కాబట్టి లోపల చూపించలేం. ఒక బొటనవేలితో పై రెప్ప మెల్లగ నొక్కాలె, ఇంకో బొటనవేలితో కింది రెప్ప దించాలె, ఒక్క క్షణం చూసి విడవాలె, రెండు కళ్లూ చూడాలె. చేతులు కడుక్కోవడానికి బకెట్ల నీళ్లు, సబ్బు పెట్టినం. ఊరుకు ఇద్దరు చొప్పున రండి.